అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికి?

ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోబోతున్న ఒక జంటకు తోడుగా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా మా కళ్ళముందే నోటీసుని బోర్డుకి అంటించాడు. పేరు, వయసు, వృత్తి, ఉంటున్న చోటు, సొంతూరు. "హాస్టల్ అడ్రసు కూడానా మేడం?" అంది ఆ అమ్మాయి.

అవును, అది కూడా. 1954 నాటి ఈ చట్టం 6వ సెక్షన్ ప్రకారం నోటీసు పుస్తకాన్ని ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే నకలు అక్కడి బోర్డు మీదా వేలాడుతుంది. ఎవరికి భయపడి వచ్చేసిందో వాళ్ళ దాకా సర్కారే చిరునామా మోసుకెళ్తుందన్నమాట! ముప్పై రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చంటుంది 7వ సెక్షన్. వయసు చాలకపోవడం, ముందే పెళ్ళయి ఉండడం లాంటి కారణాలకే అది చెల్లుతుంది, కులమతాలకి కాదు. నిజమే. కానీ కత్తి పట్టేవాళ్ళు అభ్యంతరం రాసివ్వరు. వాళ్ళకి అడ్రసు చాలు. 2018 మిర్యాలగూడ, 2022 సరూర్‌నగర్ హత్యలకి ఈ బోర్డు కారణమని నేననడం లేదు. ఎలాంటి సమాజంలో ఈ కాగితం అంటిస్తున్నామో గుర్తు చేస్తున్నాను.

ఊరందరికీ అభ్యంతరపు హక్కుంది. నా వివరాలు బయటపెట్టొద్దనే హక్కు మాత్రం ఆ అమ్మాయికి లేదు.

నోటీసు లేకపోతే రెండో పెళ్ళి మోసగాళ్ళు పెరుగుతారని మన మిత్రులే కొందరంటారు. హిందూ వివాహ చట్టంలో ఇలాంటి నెల రోజుల నోటీసు లేదు. అక్కడ మోసగాళ్ళు లేరనా?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. యూరపులో 2018 నుంచి అమలవుతున్న చట్టం, ప్రజాప్రయోజనం పేరిట తమ వివరాలు వాడుతున్నా అభ్యంతరం చెప్పే హక్కునిచ్చింది. వాడితీరాల్సిన గట్టి కారణం చూపడం అవతలివాళ్ళ బాధ్యత. మన 2023 డేటా చట్టంలో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. కానీ చట్టప్రకారం ప్రభుత్వం చేసే పనికి సమ్మతే అక్కర్లేదు. అడగనిదాన్ని వెనక్కి ఎలా తీసుకుంటాం?

2020లో కేరళ ఈ నోటీసులని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట రాసి కోరితేనే ప్రచురించాలంది. 2022లో సుప్రీంకోర్టు మాత్రం ఒక పిటిషన్ని కొట్టేసింది. వేసినావిడ పెళ్ళి అప్పటికే అయిపోయింది కనక బాధితురాలు కాదట! మరి పెళ్ళి కాని పిల్ల ఆ నెల రోజులూ దాక్కుని ఉంటుందే, కోర్టుకెలా వస్తుంది?

చట్టం మారేదాకా ఊరుకోనక్కర్లేదు. మనతో వచ్చే ప్రతి జంట చేతా, మా వివరాలు బోర్డు మీద పెట్టొద్దని నోటీసుతోపాటే ఒక కాగితం ఇప్పిద్దాం. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుదాం.