దురద తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

ప్రశ్న: నా వయసు 22. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. గొంతు నొప్పికి వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. అప్పటినుంచి మర్మావయవం దగ్గర భరించలేని దురద, మంట. విరిగిన పాలలాగా తెల్లబట్ట అవుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ వచ్చింది. ఇది సుఖవ్యాధా? అమ్మతో చెప్పుకోలేకపోతున్నాను.
— ఒక సోదరి

జవాబు: భయపడకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది కాండిడా అనే ఈస్టు వల్ల వచ్చినదై ఉండాలి. సుఖవ్యాధుల లెక్కలోకి రాదు. పెళ్ళి కాని పిల్లలకూ వస్తుంది. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. అమ్మగారికీ వచ్చే ఉంటుంది, చెప్పి చూడండి.

ఈ ఈస్టు మామూలుగానే కొద్దిగా మన ఒంట్లో ఉంటుంది. యోనిలో ఉండే మేలు చేసే బాక్టీరియా దాన్ని పెరగనివ్వదు. గొంతు కోసం మీరు మింగిన మందు ఆ బాక్టీరియాను కూడా చంపింది. ఈస్టుకు అడ్డు లేకుండా పోయింది. అంతే గాని 'వేడి చేయడం' కాదు. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయన్నది శుద్ధ అబద్ధం.

ఇక ఆ ట్యూబు సంగతి. దానిమీద క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేర్లున్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. దురదను అణచివేస్తాయి, ఈస్టును చంపవు. పైగా చర్మాన్ని పలచబరుస్తాయి. ఇటువంటి 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే చెప్పింది. షాపువాళ్ళు వింటేగా!

మొదటిసారి కనుక లేడీ డాక్టరుకు చూపించండి. దగ్గరలోని బస్తీ దవాఖానాకు వెళ్ళినా సరే, ఫీజుండదు. సాధారణంగా ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సరిపోతుంది. గర్భిణులు మాత్రం దాన్ని మింగకూడదు. వారికి క్లోట్రిమజోల్ మాత్రలు ఏడు రాత్రులు లోపల పెట్టుకోమని ఇస్తారు. డెట్టాలుతో, సబ్బుతో లోపల కడగవద్దు. నూలు లోదుస్తులు వేసుకోండి.

చేపల వాసనతో పలచగా, బూడిదరంగులో అవుతుంటే అది వేరే జబ్బు, మందూ వేరే. పసుపు పచ్చగా నురగతో అయితే భర్తకు కూడా వైద్యం కావాలి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి ఉంటే ఆ రోజే వెళ్ళాలి.

ఎల్.బి.నగర్ నుంచి 46 ఏళ్ళ గృహిణి ఒకరు ఇదే బాధ ఏడాదిలో నాలుగోసారి వచ్చిందని రాశారు. అమ్మా, మీరు ఇంకో ట్యూబు కొనకండి, ముందు రక్తంలో షుగరు చూపించుకోండి. షుగరు ఎక్కువైతే ఈస్టుకు అదే మేత. చాలామందికి షుగరున్నట్టు తెలిసేది ఈ దురదతోనే. ఇప్పటికే షుగరు మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి మూత్రంలోకి చక్కెరను పంపి ఈ బాధను తెస్తాయి. మీ అంతట మీరు మానేయవద్దు, మార్చాలో వద్దో డాక్టరు చెబుతారు.