జేబులో ఉల్లిపాయ

మొన్న మే నెలలో మా వీధి చివర ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రి చొక్కా జేబు ఉబ్బెత్తుగా కనిపించింది. ఏమిటని అడిగితే ఉల్లిపాయ తీసి చూపించాడు. ‘ఇదుంటే వడదెబ్బ తగలదు సార్’ అన్నాడు. తాగే నీళ్లేవయ్యా అంటే, మధ్యాహ్నం అన్నాల వేళకు తెప్పిస్తారట.

నేను రక్షణ లెక్కల శాఖలో బిల్లులు పాస్ చేసి రిటైరైనవాణ్ణి. ఓచరు లేని పద్దు నాకు మింగుడు పడదు. ‘ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదు’ అంటారు కదా, ఆ పద్దుకు ఓచర్లేమున్నాయో చూద్దాం.

వంద గ్రాముల పచ్చి ఉల్లిలో 89 గ్రాముల దాకా నీరే. 40 కేలరీలు, 7 మిల్లీగ్రాముల సి విటమిన్, కొంచెం పీచు. క్వెర్సెటిన్ అనే పదార్థం కూడా ఉంది. అది రక్తపోటును కాస్త తగ్గించిందని కొన్ని ప్రయోగాల్లో తేలిన మాట నిజమే. కానీ అక్కడ మాత్రలుగా ఇచ్చిన మోతాదు రోజుకు 500 మిల్లీగ్రాములు, ఆపైన. అంత ఉల్లిలోంచే రావాలంటే రోజూ కిలోకు పైనే తినాలి! నేను పెరుగన్నంలో నంజుకునేది ఒక ముక్క.

ఉల్లి విలువ మందుగా కాదు, కూరగా. 2019 సెప్టెంబరులో మన ప్రభుత్వం ఉల్లి ఎగుమతులు ఆపేసింది. మరుసటి నెల ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి లేకుండా వండమని మా వంటమనిషికి చెప్పానని సభలో నవ్వుతూ అన్నారు. ఒక దేశం గేటు మూస్తే పక్కదేశం వంటింట్లో తెలిసిపోయే సరుకు ఇది. ఈ గౌరవం చాలదా?

ఇక జేబు సంగతి. చెమట ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. నీళ్లు తాగకపోతే చెమట పట్టదు, వేడి లోపలే ఉండిపోతుంది. ఇందులో జేబులోని ఉల్లిపాయ చేయగలిగిందేమీ లేదు. ‘నమ్మితే నష్టమేముంది?’ అంటారు మిత్రులు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి దాదాపు రెండు వేల మంది ఎండకు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు. జేబులో ఉల్లి ఉందన్న ధైర్యంతో మనిషి మరో గంట ఎండలో నిలబడతాడు. కాంట్రాక్టరుకేమో నీడ, నీళ్ల ఖర్చు మిగులుతుంది.

మర్నాడు మేస్త్రి రెండు లీటర్ల సీసా తెచ్చుకున్నాడు. ఉల్లిపాయ జేబులోనే ఉంది, అన్నంలోకి తినేయమన్నాను. పైన టార్పాలిన్ కట్టించమని కాంట్రాక్టరుకు రెండుసార్లు చెప్పాను. మే వెళ్లిపోయింది, టార్పాలిన్ రాలేదు.