గొట్టం పట్టింది కదా అని ఆయిలు పంపొద్దు

కోడు కంపైలయినంత మాత్రాన పని చేస్తుందని కాదు. ఇది మన సాఫ్టువేరు జనాలకి చెప్పక్కర్లేదు. ట్రాక్టరుకి బ్యాక్‌హో (మన ఊళ్ళలో ఏ కంపెనీదైనా జేసీబీనే!) తగిలించడమూ అంతే. మా బాబాయి సెకండ్‌హ్యాండులో ఒకటి చూసి "ఇంజనీరువి కదరా, గొట్టాలు పడితే చాలుగా?" అన్నాడు. మాన్యువళ్ళు తిరగేశాక నా అభిప్రాయం: చాలదు.

మన ట్రాలీ ఎత్తే జాకీకి ఒక్క గొట్టం సరిపోతుంది. ఆయిలు అందులోనే వెళ్ళి అందులోనే వెనక్కొస్తుంది. బ్యాక్‌హోకి అలా కుదరదు. బూము, చెయ్యి, బొచ్చె, పక్కకి తిరగడం, రెండు కాళ్ళు, వీటన్నిటికీ ఆయిలు ఆగకుండా రావాలి, వేరే దారిలో ట్యాంకుకి పోవాలి.

పైగా వాల్వుల్లో రెండు కులాలు. ఓపెన్ సెంటర్లో లివరు ముట్టుకోకపోయినా ఆయిలు తిరుగుతూనే ఉంటుంది. క్లోజ్డ్ సెంటర్లో లివరు లాగితేనే దారి తెరుచుకుంటుంది (1960లో వచ్చిన జాన్ డీర్ 4010 ఈ రకమే). ఒకటి పోలింగు, రెండోది ఇంటరప్టు అనుకోండి. కప్లర్లు మాత్రం రెండిటికీ ఒకేలా పడతాయి! ఓపెన్ సెంటర్ ట్రాక్టరుకి క్లోజ్డ్ సెంటర్ వాల్వు పెడితే ఆయిలంతా రిలీఫ్ వాల్వు మీదుగా పోతూ కాగిపోతుంది.

అసలు ప్రమాదం పవర్ బియాండ్ దగ్గర. లిఫ్టుకి ముందు బ్యాక్‌హో వాల్వు పెడితే మూడు గొట్టాలుండాలి: ప్రెషరు లోపలికి ఒకటి, లిఫ్టుకి ఒకటి, ట్యాంకుకి ఒకటి. లోపల స్లీవు లేకుండా ట్యాంకు పోర్టునే లిఫ్టుకి కలిపితే డెమోలో బాగానే ఉంటుంది. లిఫ్టు మీద బరువు పడగానే, తక్కువ ప్రెషరుకి చేసిన భాగం మీద మొత్తం ప్రెషరు పడి సీళ్ళు పోతాయి, వాల్వు బాడీయే పగలొచ్చు.

నిమిషానికి 40 లీటర్లు, 180 బార్ అంటే 12 కిలోవాట్లు, దాదాపు 16 హార్స్‌పవర్. ఆ ప్రెషరులో సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గాటే, కానీ వెంటనే సర్జను దగ్గరికి వెళ్ళకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. కాబట్టి లీకుని చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. గొట్టం విప్పేముందు బొచ్చె నేలకి దించి, ఇంజనాపి, లివర్లు ఆడించి ప్రెషరు పోగొట్టండి.

వెల్డింగ్ షాపు మెకానిక్కుల పనితనాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు. కానీ వాల్వు లోపల ఏముందో వాళ్ళకైనా పైనుంచి కనబడదు కదా! డాక్యుమెంటేషను లేని ఏపీఐని మనం ప్రొడక్షన్‌లో పెడతామా? సెంటర్ రకం, పోర్టుల పేర్లు, రిలీఫ్ సెట్టింగు, కావల్సిన ఫ్లో, ఈ నాలుగూ అమ్మేవాడు కాగితం మీద రాసివ్వాలి. లేదంటే పీటీవోతో తిరిగే సొంత పంపు, సొంత ట్యాంకు ఉన్నది కొనుక్కోవడం మేలు. ఖర్చెక్కువే, కానీ ట్రాక్టరు ఆయిలుతో సంబంధం ఉండదు. రెండూ కుదరకపోతే ఎంత చవగ్గా వచ్చినా ఆ బేరం వద్దు.