పత్తి సుంకం ఎత్తేస్తే నష్టం ఎవరికి?

హైదరాబాద్‌లో నయాపూల్ దాటి పత్తర్‌గట్టీకి వెళితే వరుసగా ముత్యాల దుకాణాలు కనబడతాయి. మూసీలో ముత్యాలు పుట్టవు కదా! బయటి నుంచి తెచ్చి, బెజ్జం వేసి, దండలు గుచ్చి అమ్ముతారు. ఇట్లా సరుకు తెచ్చి, పనితనం జోడించి మళ్లీ విదేశాలకు పంపేవారు సుంకం లేకుండా దిగుమతి చేసుకునే వీలు మన దేశంలో ఉంది. దాని పేరు అడ్వాన్స్ ఆథరైజేషన్. పంపిన సరుకు లెక్క చూపాలి, అంతే. దీనివల్ల పదిమందికి పని దొరుకుతుంది. కాదనేవారు లేరు.

ఇది మనకెందుకు అనుకోకండి. పత్తికి కూడా ఈ వీలుంది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం వేశారు. అయినా నూలు, బట్టలు ఎగుమతి చేసే మిల్లులు ఈ పద్ధతిలో సుంకం లేకుండానే తెచ్చుకోవచ్చు.

మరి 2025 ఆగస్టు 19న కేంద్రం సుంకాన్ని అందరికీ ఎందుకు ఎత్తేసినట్టు? అమెరికా మన సరుకుపై 50 శాతం సుంకం వేసింది, మిల్లులు దెబ్బతింటాయన్నారు. మిల్లులు ఆగితే మన పత్తి కొనేదెవరు? ఆ మాటా నిజమే. కానీ మినహాయింపు ఎగుమతిదారులతో ఆగలేదు. ఇక్కడే అమ్ముకునే బట్టకు వాడే పత్తికీ వర్తించింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అని, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి ఏరి బజారుకు తెచ్చే నెలలవి.

లెక్క చూడండి. వంద రూపాయల విదేశీ దూది సుంకంతో మిల్లుకు 111 పడుతుంది. సుంకం తీసేస్తే వందకే వస్తుంది. అప్పుడు ఇక్కడి వ్యాపారి మనకు ధర ఎందుకు పెంచుతాడు?

మద్దతు ధర ఉందిగా అంటారు. 2025-26లో పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ తేమ 8 శాతం మించితే సీసీఐ కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. ఆరబెట్టే జాగా లేక, కూలీలకు డబ్బు కట్టాల్సిన చిన్న రైతు ఊళ్లోనే చిల్లర కాంటాకు పోస్తాడు. సుంకం పోయిన దెబ్బ ముందు తగిలేది అతనికే.

రైతులు అడగాల్సింది ఒక్కటే. ఎగుమతికి రాయితీ ఎగుమతి చేసేవారికే ఇవ్వండి. మిగతావారికి అక్టోబర్ నుంచి మార్చి దాకా సుంకం ఎత్తకండి. మీ ఎమ్మెల్యేను, ఎంపీని ఈ మాట అడగండి. పత్తి ఇల్లు చేరకముందే అడగండి.