స్కోరు రోగికా, ఆసుపత్రికా?

ఐసీయూ బయట కుర్చీల్లో కూచున్న వాళ్ళు డాక్టరుని అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎన్ని పర్సెంటు ఛాన్సుందండీ?" ఇప్పుడు కొన్నిచోట్ల ఆ ప్రశ్నకి అంకె రూపంలోనే జవాబొస్తోంది. నా పేచీ ఆ అంకెతో కాదు, దాన్ని మనం వాడుకుంటున్న తీరుతో.

పోయినేడు మా బాబాయి హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నప్పుడు వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, స్కోరు ఇరవై అయిదట. సగం సగం అంటున్నారు. నువ్వు కంప్యూటర్లో పనిచేస్తావు కదా, అదేంటో చూసి చెప్పు" అన్నాడు. మర్నాడు కట్టాల్సిన డబ్బు కోసం పొలం బేరం పెట్టాలా వద్దా అన్నది అప్పుడు వాళ్ళింట్లో నడుస్తున్న చర్చ. ఇంజనీరింగులో నేను చదివిన లెక్కలకి ఇంత బరువుంటుందని ఆరోజే తెలిసింది.

ఆ స్కోరు పేరు అపాచీ టూ. అమెరికాలో జార్జి వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన విలియం నాస్, ఆయన బృందం 1985లో ప్రచురించారు. ఐసీయూలో చేరిన మొదటి 24 గంటల్లో 12 కొలతలు తీసుకుంటారు: ఒంటి వేడి, బీపీ, గుండె వేగం, శ్వాస, ఆక్సిజన్, సోడియం, క్రియాటినిన్, తెల్లకణాలు, స్పృహ వగైరా. ఒక్కోదానిలో ఆరోజు కనిపించిన అతి చెడ్డ విలువ మామూలు నించి ఎంత దూరం పోతే అన్ని మార్కులు. వయసుకి కొన్ని, పాత జబ్బులకి కొన్ని. మొత్తం 71. ఈ పరీక్షలో మార్కులెక్కువ వస్తేనే ప్రమాదం.

ఆ తర్వాత పని మనవాళ్ళకి తెలిసిందే, లాజిస్టిక్ రిగ్రెషన్. స్కోరుని 0.146తో హెచ్చవేసి, 3.517 తీసేసి, జబ్బుని బట్టీ ఎమర్జెన్సీ ఆపరేషనుని బట్టీ సవరిస్తే చావు సంభావ్యత తేలుతుంది. సవరణలు పక్కన పెట్టి 25 వేస్తే 53 శాతం వస్తుంది. మావాడు చెప్పిన "సగం సగం" అదే.

ఆ 53కి అర్థమేంటి? ఇదే స్కోరుతో చేరిన వందమందిని తీసుకుంటే సుమారు 53 మంది దక్కరని. ఆ వందమందిలో మీ మనిషి ఎవరో ఈ లెక్కకి తెలీదు. మా బాబాయి ఇంటికొచ్చాడు, పొలం పోయింది. దాన్నిబట్టి స్కోరు తప్పని అనలేను. ఆయన పోయి ఉంటే స్కోరు ఒప్పనీ అనలేను. ఒక్క మనిషితో సంభావ్యతని పరీక్షించడం కుదరదు.

రెండో సంగతి. 13 ఆసుపత్రుల్లో 5,815 చేరికల మీద ఆ సూత్రం తయారైంది, అదీ నలభయ్యేళ్ళ కిందటి అమెరికాలో. దాని జబ్బుల జాబితాలో మలేరియా గానీ పురుగుమందు తాగిన కేసు గానీ విడిగా లేవు. మన జిల్లా ఆసుపత్రుల్లో అవి రోజూ ఉండేవే. ఒక దేశపు డేటాతో తయారైన మోడల్ని ఇంకో దేశంలో సరిచూడకుండా వాడితే ఏమవుతుందో మా వృత్తిలో ఎవర్నడిగినా చెప్తారు.

మూడోది నన్ను బాగా కలవరపెట్టేది. "ఎనభై శాతం పోతారు" అని చెప్పాక డబ్బుల్లేని ఇంటివాళ్ళు సంతకం పెట్టి రోగిని తీసుకెళ్ళిపోతారు. వెంటిలేటరు తీసేసిన మనిషి దార్లోనో ఇంటికెళ్ళాకో పోతాడు. చూశారా, స్కోరు చెప్పినట్టే అయింది అనుకుంటాం. ఆ జోస్యాన్ని నిజం చేసింది మనమే కదా! పైగా చావు ఆసుపత్రిలో జరగలేదు కాబట్టి వాళ్ళ లెక్కలోకి రాకుండా పోయే అవకాశం కూడా ఉంది.

అయితే స్కోర్లు దండగా? కాదు. దాని సరైన వాడకమేంటో నాస్ బృందమే 1986లో చూపించింది. 13 పెద్దాసుపత్రుల్లో 5,030 మంది రోగుల్ని తీసుకుని, స్కోరు ప్రకారం ఎంతమంది పోవాలి, నిజంగా ఎంతమంది పోయారు అని పోల్చారు. ఒక ఆసుపత్రిలో 69 మంది పోతారని లెక్క తేలితే పోయింది 41 మందే. ఇంకోదాంట్లో అంచనా కంటే 58 శాతం ఎక్కువమంది పోయారు. తేడా యంత్రాల్లోనో, పెద్ద పేరున్న మెడికల్ కాలేజీ అవడంలోనో లేదట. ఐసీయూలో డాక్టర్లూ నర్సులూ ఒకరితో ఒకరు కలిసి పనిచేసే తీరులోనే ఎక్కువగా ఉందని తేల్చారు.

నేను చెప్పొచ్చేదిదే. వందలమంది మీద పనిచేసే కొలబద్ద ఇది. ఒక్క రోగి మీద తీర్పుగా వాడితే గుడ్డిది. ఒక ఆసుపత్రి మీద వాడితే కళ్ళున్నది. మనం మాత్రం రోగికి మార్కులేసి, ఆసుపత్రిని వదిలేస్తున్నాం. బ్రిటన్లో ఐక్నార్క్ అనే సంస్థ ఏ ఐసీయూలో అంచనాకీ అసలుకీ తేడా ఎంతో పేర్లతో సహా అందరికీ కనిపించేలా పెడుతుంది. మన ఊళ్ళో ఆసుపత్రి బయట కొత్త స్కానింగు మిషను ఫ్లెక్సీ చూశాను గానీ, ఇలాంటి అంకె నేనెక్కడా చూళ్ళేదు.

అలా బయటపెట్టమంటే ఆసుపత్రులు మోసం చేస్తాయనొచ్చు. సీరియస్ కేసుల్ని చేర్చుకోరు, స్కోరు పెంచి రాసుకుంటారు, పోయేముందు ఇంటికి పంపించేస్తారు. నిజమే, చేస్తారు. అందుకే సంతకం పెట్టించుకుని పంపిన వాళ్ళని విడిగా లెక్కపెట్టాలి, ముప్ఫై రోజుల తర్వాత ఉన్నారో లేదో కనుక్కోవాలి, స్కోరు లెక్కని బయటివాళ్ళు తనిఖీ చెయ్యాలి. దొంగలెక్కలు రాస్తారని అసలు ఆడిటే వద్దంటామా?

ఇంటివాళ్ళకి స్కోరు చెప్పొద్దని కూడా నేననను. చెప్పాలి. "ఇలాంటి వందమందిలో ఇంతమంది" అని చెప్పాలి, మూడ్రోజులు మందులు వాడాక మనిషి ఎటు తిరిగాడో చూసి మళ్ళీ చెప్పాలి. మొదటి 24 గంటల అంకె పట్టుకుని పొలం అమ్మాలా వద్దా, ఇంటికి తీసుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోమనడం అన్యాయం.

ఈసారి మీకెవరికైనా డాక్టరు స్కోరు చెబితే (ఆ అవసరం రాకూడదనే కోరుకుంటాను), ఇంకో ప్రశ్న కూడా అడగండి: "పోయినేడు ఇదే స్కోరుతో మీ దగ్గర చేరిన వాళ్ళలో ఎంతమంది ఇంటికెళ్ళారండీ?" మొదట్లో జవాబు రాకపోవచ్చు. పదిమంది అడిగితే పదకొండో వాడి కోసమైనా లెక్క రాయడం మొదలెడతారు.