నంబరు మార్చుకోవాల్సింది మేమా?

"ఇంకా ఆ ల్యాండ్‌లైన్ ఎందుకండీ! నంబరు మార్చేస్తే పోద్ది కదా!"

ఈమధ్య రాజమండ్రిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకాయన పూతరేకు పొర విప్పుతూ సెలవిచ్చిన మాట ఇది. అంతకుముందు చాలామంది అన్నారు, ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఒళ్ళు మండింది.

సంగతేమిటంటే, మా ఇంటి 0883 నంబరు తెర మీద పడేలా ఎవడో ఊరందరికీ ఫోన్లు చేస్తున్నాడు. ఒకరికి లోనంటాడు, ఇంకొకరికి కేవైసీ అంటాడు. వాళ్ళు ఆ నంబరుకే తిరిగి చేస్తే మోగేది మా ఇంట్లో. గోదావరి వాళ్ళు కనక తిట్టినా మర్యాద తప్పరు: "ఆయ్, సిగ్గుండాలండి! ముసలోళ్ళ డబ్బులు తింటారా అండి!" వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ బాధ వాళ్ళది. నా మంటంతా సలహారాయుళ్ళ మీద.

అసలు మా తప్పేమిటి? మా ఇంటి తీగ ఎవడూ ముట్టుకోలేదు. మేం పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. ల్యాండ్‌లైనుకి పాస్‌వర్డేమిటి, నా మొహం! లెక్క తీయిస్తే ఆ కాల్స్ ఒక్కటీ మా ఫోన్ నుంచి వెళ్ళినట్టుండదు. కాల్ బయల్దేరిన చోట యంత్రం ఏ నంబరు రాసిస్తే అదే చివరిదాకా చేరుతుంది. దారిలోని ఎక్స్‌చేంజీలు "నిజమేనా" అని అడగవు. గట్టిగా నాలుగు ఫోన్ కంపెనీలు లేని కాలంలో, ఒకళ్ళనొకళ్ళు నమ్ముకుని కట్టుకున్న ఏర్పాటది. ఇంటర్నెట్ మీద ఫోన్లు చేసే రోజులొచ్చాక ఆ నంబరు చోట ఏ అంకెలైనా నింపొచ్చు. ఆకాశరామన్న ఉత్తరాలు మనకి కొత్తేం కాదు గానీ, పాపం ఆ రామన్న తన ఊరూ పేరూ దాచుకునేవాడు, అంతే. వీడు ఉత్తరం కింద మన ఇంటిపేరు రాస్తున్నాడు. పోస్టాఫీసు కళ్ళు మూసుకుని బట్వాడా చేస్తోంది. దానికి విరుగుడు, మనం ఇల్లు ఖాళీ చెయ్యడమట!

నంబరు మార్చడమంటే ఎంత తేలిక వీళ్ళకి! కడియం నర్సరీల బోర్డులు చూడండి. అంబాజీపేటలో కొబ్బరి కొట్ల బిల్లు పుస్తకాలు చూడండి. తాపేశ్వరం కాజా డబ్బా మీద చూడండి. ఆ అంకెల వెనక కొందరికి రెండు తరాల వ్యాపారముంది. ట్రంకు కాల్ బుక్ చేసి పొద్దుగూకేదాకా కాచుకున్నవాళ్ళు అప్లికేషన్ పెట్టి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న నంబర్లవి. పోనీ మార్చామే అనుకోండి, కొత్త నంబరు మీద వాడి కన్ను పడదని హామీ ఎవరిస్తారు?

ఇంకో సలహా: "తెలియని నంబరైతే ఎత్తకండి." ఈ మాట కోనసీమకి వెళ్ళి చెప్పండి. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికెళ్ళిన కూతురు చవక దారిలో ఫోన్ చేస్తే తెర మీద ఏ నంబరు పడుతుందో దేవుడికే తెలియాలి. ఆ తల్లి తెలియని నంబరు ఎత్తకుండా ఎలా ఉంటుందండీ?

ఇక అవగాహన సదస్సులు. ఫ్లెక్సీ తప్పదు. జ్యోతి ప్రజ్వలన తప్పదు. బొకేలు వద్దని మొక్కలిస్తున్నారు, సంతోషం, కడియం వాళ్ళకి నాలుగు రూపాయలొస్తాయి. శాలువాలు కప్పుకోవడం అయ్యాక గంటసేపు మనకి బుద్ధులు: ఓటీపీ చెప్పకండి, ఆశపడకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు పోయినవాడికి 1930 దిక్కే, కాదనను. పరువు పోయినవాడు ఏ నంబరుకి చెయ్యాలో వేదిక మీద ఒక్కరూ చెప్పరు. ఇది చాలదన్నట్టు మొన్నమొన్నటిదాకా ప్రతి కాల్‌కీ ముందు అమితాబ్ బచ్చన్ గొంతుతో హెచ్చరిక. జనం విసిగి మొత్తుకుంటే 2025 జూన్‌లో తీసేశారు. ఈ ఉపన్యాసాలన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: జనం తెలివితక్కువ వాళ్ళు, వాళ్ళు మారితే దొంగతనాలు పోతాయి.

అబద్ధం! రుజువు ప్రభుత్వం దగ్గరే ఉంది. మన దేశపు నంబర్లు తగిలించుకుని విదేశాల నుంచి వచ్చే దొంగ కాల్స్‌ని పట్టే వ్యవస్థని 2024 అక్టోబరు 22న కేంద్రం మొదలుపెట్టింది. తొలి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్ ఆగాయి. మన నంబర్లతో బయటినుంచి వచ్చినవాటిలో అవి 90 శాతమట. ఆ ఒక్కరోజులో మన జనానికి హఠాత్తుగా తెలివొచ్చిందా? లేదు, కంపెనీలు గేటు దగ్గర నంబరు సరిచూశాయి, అంతే.

ల్యాండ్‌లైన్ నంబర్లతో విదేశాల నుంచి వచ్చేవాటిని అప్పటికే ఆపేస్తున్నామని అదే ఏడాది మే నెలలో కేంద్రమే చెప్పింది. మరి మా 0883 ఎక్కడినుంచి వస్తోంది? బయటినుంచైతే వాళ్ళ కాపలాకి కంత ఉన్నట్టు. లోపలినుంచైతే ఏదో కంపెనీ ఇచ్చిన లైను మీదే బయల్దేరినట్టు. ఆ లైను ఎవరిదో ఆ కంపెనీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద నంబరు గుర్తింపుని తారుమారు చేసినవాడికి మూడేళ్ళదాకా జైలు, 50 లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. దొరికితే కదా! కేంద్రం వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే ఏర్పాటుంది, అనుమానపు కాల్ వచ్చినవాడు చెప్పుకోడానికి. పేరు అరువు పోయినవాడి గోడు దాని పని కాదు. ఇప్పుడు నంబరుతోపాటు చేసేవాడి పేరు కూడా చూపిస్తారట. 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. ఆ పేరు తీసేది నంబరుని బట్టే. అంటే నంబరు దొంగదైతే, ఇకమీదట మా ఇంటిపేరుతో సహా ఊరేగిస్తారన్నమాట!

ఈ దొంగ నంబర్లని ఆపడం సాంకేతికంగా కష్టమంటారు. 1.35 కోట్లు ఆపినప్పుడు కష్టం కాలేదేం? అమెరికాలోనే ఆగలేదంటారు. నిజమే, 2021 జూన్ 30 నాటికి పెద్ద కంపెనీలు కాల్‌కి డిజిటల్ సంతకం పెట్టాలని నిబంధన వచ్చినా అక్కడ బెడద పూర్తిగా పోలేదు. కానీ ఏ కంపెనీ గుమ్మంలోంచి వచ్చిందో నిలదీయడానికి ఆ సంతకం పనికొస్తుంది. మనకి అదీ లేదు.

ఎలా చెయ్యాలో ఇంజనీర్లే తేల్చాలి, ఏం కావాలో మాత్రం నేను చెప్పగలను. కాల్‌ని మొదట ఎక్కించుకున్న కంపెనీ ఆ నంబరు చేసేవాడిదో కాదో చూడాలి, తేలకపోతే నంబరు లేకుండా పంపాలి. దొంగ నంబరు మోసిన ప్రతి కాల్‌కీ ఇంత అని ఆ కంపెనీ దగ్గర వసూలు చేసి, పేరు పాడైనవాడికి ఇప్పించాలి. ఒక్క ఏడాది అలా చేసి చూడండి, వాళ్ళకి ఎంత అవగాహన వస్తుందో!