బ్యాట్ పట్టిన చేతికి ఒక లెక్క, విల్లు పట్టిన చేతికి ఇంకో లెక్కా?



ముందు ఒక ప్రశ్న అడుగుతా. రోడ్డు మీద గొడవ జరిగింది. ఒకాయన ఇంకొకాయన్ని చేత్తో కొట్టాడు. దెబ్బ తిన్న పెద్దాయన ప్రాణం పోయింది. కొట్టినాయనకి ఎంత శిక్ష పడాలి?

జవాబు చెప్పే ముందు మీలో చాలామంది "కొట్టింది ఎవరన్నా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న మన నోటికి ఎందుకొస్తుంది? మనం చూసిన లోకం అలాంటిది కాబట్టి. పేరున్నోడికి ఒక శిక్ష, పేరు లేనోడికి ఇంకో శిక్ష అని మనకు చిన్నప్పుడే అర్థమైపోయింది.

పైన చెప్పింది కల్పించిన కథ కాదు. 1988 డిసెంబర్ 27న పంజాబ్‌లోని పటియాలాలో జరిగింది. కొట్టినాయన అప్పటికే భారత జట్టుకు ఆడుతున్న క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ. చనిపోయింది 65 ఏళ్ల గుర్నామ్ సింగ్. 1999లో కింది కోర్టు సిద్ధూని నిర్దోషి అంది. 2006లో హైకోర్టు మూడేళ్ల జైలు వేసింది. 2007లో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది, ఆయన మళ్లీ ఎన్నికల్లో నిలబడి ఎంపీ అయ్యాడు. 2018లో సుప్రీంకోర్టు, చావుకి ఆ దెబ్బే కారణమని వైద్య సాక్ష్యం కచ్చితంగా తేల్చలేదంటూ, గాయపరిచిన నేరం మాత్రమే రుజువైందని వెయ్యి రూపాయల జరిమానాతో వదిలేసింది. చనిపోయినాయన కుటుంబం వదల్లేదు, రివ్యూ వేసింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన శిక్ష వేసింది. ఆ సెక్షన్ కింద వేయగలిగిన గరిష్ఠ శిక్ష అంతే. సత్ప్రవర్తన కింద కొంత తగ్గి, 2023 ఏప్రిల్ 1న ఆయన బయటకొచ్చాడు.

దెబ్బకీ జైలుకీ మధ్య 33 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యలో ఆయన టెస్టులు ఆడాడు, కామెంటరీ చెప్పాడు, పార్లమెంటుకి వెళ్లాడు, రాష్ట్రంలో మంత్రి అయ్యాడు. ఇదంతా ఆయన మీద కోపంతో చెప్పడం లేదు. అప్పీలు ఆయన హక్కు, మంచి వకీలుని పెట్టుకోవడం కూడా ఆయన హక్కే. నా ప్రశ్న ఒకటే. ఆ హక్కు మన గూడెం దాకా ఎందుకు రాలేదు?

ఇప్పుడు రెండో దృశ్యం చూడండి. 2022 నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం. సుప్రీంకోర్టు వాళ్ల సభలో, జడ్జీల ఎదుట, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి హిందీలో మాట్లాడారు. సంతాల్ బిడ్డ కదా, తాను చూసిన జైళ్ల గురించి చెప్పారు. ఎవరినో చెంపదెబ్బ కొట్టిన పాపానికి ఏళ్లకేళ్లు లోపలే ఉండిపోయిన పేదల గురించి చెప్పారు. హక్కులేంటో, రాజ్యాంగ పీఠికేంటో తెలియని మనుషులు వాళ్లు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడా చేతి దెబ్బే, అక్కడా చేతి దెబ్బే. ఒకాయనకి శిక్ష పడేలోపు ఒక జీవితకాలం గడిచింది. ఇంకొకాయనకి శిక్ష పడకముందే జీవితం గడిచిపోయింది.

ఆటగాడిగా పేరు తెచ్చుకున్నందుకు శిక్ష తగ్గించడం న్యాయమా? "దేశానికి పతకం తెచ్చాడు కదా, కొంచెం చూసి వెయ్యండి" అంటారు. మనం చప్పట్లు కొట్టినవాడు జైలుకి పోతుంటే మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ గుర్నామ్ సింగ్ ఇంట్లోవాళ్లకి ఆయన కొట్టిన సిక్సర్లతో ఏం పని? ఆటకి రావాల్సిన బహుమతి ఆటలోనే వచ్చేసింది. కప్పు వచ్చింది, పేరు వచ్చింది, డబ్బు వచ్చింది. కోర్టులో మళ్లీ ఇంకో బహుమతి ఇవ్వక్కర్లేదు.

పైగా 2022 తీర్పులో జడ్జీలు గట్టి మాట ఒకటి అన్నారు. బాక్సర్, పహిల్వాన్, క్రికెటర్, బాగా ఒళ్లు సాధన చేసినవాడు, ఇలాంటివాళ్లు కొడితే చెయ్యే ఆయుధం అవుతుందని, తన దెబ్బ బలం ఎంతో అతనికి తెలిసుండాలని దాని భావం. అంటే ఆట అతని బరువు తగ్గించలేదు, పెంచింది. నాకు ఇది సబబుగానే తోచింది. ఎందుకంటే ఇక్కడ లెక్కలోకి వచ్చింది పేరు కాదు, నేరానికి నేరుగా సంబంధం ఉన్న విషయం.

అమెరికాలో ఇంకో కేసు ఉంది. బ్రాక్ టర్నర్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఈతగాడు. స్పృహలో లేని అమ్మాయి మీద లైంగిక దాడి చేశాడని 2016లో జ్యూరీ తేల్చింది. ప్రాసిక్యూషన్ ఆరేళ్లు అడిగింది. జైలుకి పంపితే కుర్రాడి మీద తీవ్ర ప్రభావం పడుతుందని జడ్జి ఆరు నెలలు వేశాడు. మూడు నెలలకే బయటకొచ్చాడు. జనం భగ్గుమన్నారు. 2018లో ఓట్లు వేసి ఆ జడ్జిని పదవి నుంచి దింపేశారు.

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆ కోపంలోనే కాలిఫోర్నియాలో అలాంటి నేరాలకి జైలు తప్పనిసరి చేస్తూ చట్టం మార్చారు. జడ్జి చేతిలోని వెసులుబాటు తీసేస్తే ఎవరికి దెబ్బ? పేదవాళ్లకీ, నల్లవాళ్లకీ అని అక్కడి హక్కుల వాళ్లు కొందరు అప్పుడే హెచ్చరించారు. ఈ మాట మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పెద్దోడి మీద కోపంతో తెచ్చిన చట్టం చివరికి చిన్నోడి మెడకే చుట్టుకుంటుంది.

అందుకే "స్టార్లకి డబుల్ శిక్ష వెయ్యాలి" అనే మన కుర్రాళ్లతో నేను ఏకీభవించను. పేరు చూసి తగ్గించడం ఎంత తప్పో, పేరు చూసి పెంచడం అంతే తప్పు. రేపు మన క్రీడా పాఠశాల నుంచి వెళ్లిన బిడ్డే పొరపాటు చేసి బోనులో నిలబడొచ్చు. అప్పుడు ఆ బిడ్డ వయసెంత, ఇది మొదటి తప్పా, పశ్చాత్తాపం ఉందా, బాధితులకి పరిహారం ఇచ్చాడా, ఇంట్లో ఎవరు ఆధారపడ్డారు అని జడ్జి అడగాలనే కదా మనం కోరుకుంటాం?

అసలు తేడా ఇక్కడుంది తమ్ముడూ. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు ముద్దాయి మాట వినాలని చట్టంలోనే ఉంది. పేరున్నోడి తరఫున ఆ రోజు ఒక జీవితకథ నడుస్తుంది. సేవలు, అవార్డులు, ఆరోగ్యం, కుటుంబం అన్నీ కాగితాల మీద వస్తాయి. మనవాడికి ఏం వస్తుంది? వకీలు లేచి "దయ చూపండి సార్" అని కూర్చుంటాడు. మనవాడు ఎఫ్ఐఆర్‌లో ఒక నంబరు, అంతే. వాడు కోయలోనో గోండిలోనో ఆలోచిస్తాడు, కోర్టు తెలుగులోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది.

చాలాసార్లు శిక్ష దాకా కూడా పోదు. దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. 2011 జనాభా లెక్కల్లో మనం 8.6 శాతం. జైళ్లలో మన వాటా అంతకంటే ఎక్కువ. మన పక్కనే, సుకుమా జిల్లా బుర్కాపాల్ కేసు చూడండి. 2017లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి అది. ఆ కేసులో ముద్దాయిలుగా చేర్చిన 121 మంది ఆదివాసీలని 2022 జూలైలో కోర్టు నిర్దోషులని విడుదల చేసింది. సుమారు ఐదేళ్లు లోపల గడిపాక! సిద్ధూ నేరం రుజువయ్యాక ఉన్నది పది నెలలు. వీళ్లు ఏ నేరం రుజువు కాకుండా ఉన్నది ఐదేళ్లు. ఈ ఐదేళ్లని ఏ తీర్పు తిరిగిస్తుంది?

కాబట్టి మన డిమాండ్ "వాళ్లనీ మాలాగే తొక్కండి" అని కాకూడదు. "వాళ్లని విన్నట్టే మమ్మల్నీ వినండి" అని ఉండాలి.

దానికి మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెప్తోంది. ఫోన్ 15100. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకి అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి, ఇంకా ఇతర కేసులు ఉన్నవాళ్లకి ఇది వర్తించదు. మీ ఊళ్లో లోపల ఉన్నవాళ్ల పేర్లు, అరెస్టు తేదీలు, సెక్షన్లు ఒక నోటుబుక్కులో రాసి లెక్క వెయ్యండి. శిక్ష మీద వాదన జరిగే రోజుకి స్టడీ సర్టిఫికెట్, వయసు రుజువు, ఇంటి పరిస్థితి తెలిపే కాగితాలు వకీలు చేతిలో పెట్టండి. భాష అర్థం కాకపోతే దుబాసీ కావాలని అడగండి. అది దయ కాదు, హక్కు.

1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి కెప్టెన్ మన జైపాల్ సింగ్ ముండా. ఆ పేరుతో ఆయన తన కోసం మినహాయింపు అడగలేదు. రాజ్యాంగ సభలో నిలబడి మనందరి కోసం హక్కు అడిగాడు. ఆటతో వచ్చిన పేరుని ఎక్కడ వాడాలో ఆయనే చూపించాడు.

ఈసారి ఏ స్టార్‌కో శిక్ష పడినప్పుడు, టీవీలో చర్చ మొదలైనప్పుడు, ఒక్క నిమిషం ఆగండి. మీ మండలం సబ్‌జైలులో వాయిదాల కోసం చూస్తున్న కుర్రాడి పేరు మీకు తెలుసా? తెలియకపోతే, ముందు అది కనుక్కోండి.

జోహార్!